బయటికి వచ్చిన సమయం

రండమ్మా, దగ్గరికి రండి. ప్రసాదం తిన్న ఆకులు ఆ మూల బుట్టలో వేసేసి చాప మీదికి జరగండి. గోడకి ఆనుకున్న బాబాయిగారూ, మీరు కూడా. ప్రతి శనివారం భజన అయ్యాక "హైమవతీ, ఏదన్నా చెప్పవే" అంటారు, నేను ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాను. ఇవాళ నవ్వించను. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. లైట్లు మాత్రం ఆర్పకండి. నాకోసమే అడుగుతున్నాను.

పింకీకి నాలుగేళ్ళు వచ్చాక నేను మళ్ళీ చదువు మొదలుపెట్టానని మీకు తెలుసు. ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న ఒక కాలేజీలో ఫోరెన్సిక్ సైన్స్, ఎమ్మెస్సీ. "చచ్చినవాళ్ళ చదువు మనకెందుకే" అని మొదట్లో మా అత్తయ్య సణిగారు. నెల తిరక్కుండా కాలనీ అంతటికీ "మా కోడలు దొంగల్ని పట్టించే చదువు చదువుతోంది" అని ఆవిడే చెప్పుకొచ్చారు. మా ఆయన రమాకాంత్‌కి కొంగరకలాన్ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అందుకని మా ఇంట్లో ఒకటే మాట. సాయంత్రం ఐదున్నరకల్లా నేను ఇంట్లో ఉండాలి. పింకీ నా చేత్తో తప్ప అన్నం తినదు.

కాలేజీ వాళ్ళు కొన్న పొలంలో ఒక పాత ఇల్లు ఉంది. మందపాటి రాతి గోడలు, ముందొక గది, వెనక గింజలు పోసుకునే అర్ర. దాన్ని కూల్చకుండా మా ప్రాక్టీసుకి వదిలారు. సీన్ హౌస్ అంటాం. సార్ వాళ్ళు అందులో ఒక నేరం జరిగినట్టు అన్నీ అమరుస్తారు. పగిలిన గ్లాసు, ఊడిన గుండీ, మేక రక్తం. మేం వెళ్ళి వెతకాలి, ఫొటోలు తీయాలి, పొట్లాలు కట్టి సీలు వేయాలి.

అన్నిటికంటే ముందు రిజిస్టర్ రాయాలి. ఇంటి అరుగు మీద చిన్న బల్ల, దాని మీద పొడుగాటి పుస్తకం. పేరు, లోపలికి వెళ్ళిన సమయం, బయటికి వచ్చిన సమయం, సంతకం. మా వినోద్ కుమార్ సార్ మొదటి రోజే చెప్పారు. "కోర్టుల లాయరు ముందు రక్తం గురించి అడగడు. ఎవరు లోపలికి పోయిన్రు, ఎవరు బయటికి వచ్చిన్రు, అది అడుగుతడు. మీ ముఖం చూసి ఎవ్వరు నమ్మరు. పుస్తకంల ఏమున్నదో అదే జరిగినట్టు." ఇంకో మాట కూడా చెప్పారు. తప్పు రాస్తే చెరపకూడదు, కాగితం చింపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టాలి. రాసినవాళ్ళే దిద్దాలి.

ఇంత విన్నాక కూడా మేమేం చేసేవాళ్ళమో చెప్తాను, సిగ్గుపడుతూనే చెప్తాను. కరోనా రోజుల్లో డాక్టర్లు తొడుక్కున్నారే, అలాంటి తెల్ల సూట్లు మాకూ ఉంటాయి. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి రెండేసి గ్లౌజులు. బయటికొచ్చి అవన్నీ విప్పేసరికి నాలుగూ నలభై ఐదు బస్సు వెళ్ళిపోతుంది. అందుకని లోపలికి వెళ్ళేటప్పుడే రెండు గడులూ నింపేసేవాళ్ళం. క్లాసంతా అంతే. అన్నవరం సత్యదేవుడికి ఏటా వ్రతం చేసుకునే ఇంటి కోడల్ని, కాని సమయాన్ని అయినట్టు రాసి సంతకం పెట్టేదాన్ని. చిన్న విషయం అనుకున్నాను.

నవంబరు నెల, గురువారం. ఆ రోజు వంతు నాదీ సాయిశ్రీదీ. సాయిశ్రీది యాచారం వైపు పల్లె, వ్యవసాయం ఇల్లు. హాస్టల్లో ఉండేది. నాకంటే ఆరేళ్ళు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది.

"అక్కా, లోపలికి రెండూ నలభై, బయటికి నాలుగున్నర. రాసెయ్యి," అంది సాయి, గ్లౌజు పళ్ళతో లాక్కుంటూ.

"నాలుగున్నరకి అవుతుందంటావా?"

"కాకపోతే నీ బస్సును నేను మోస్కొస్తనా? రాయి జల్ది."

రాశాను. ఆమె కూడా రాసింది. వాచ్‌మన్ కిష్టా మెట్టు మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. "జర జల్ది కానియ్యిన్రి అక్కా, నాకు ఐదింటికి బర్లకాడ పనున్నది," అన్నాడు.

ఆ రోజు పని లూమినాల్. నీళ్ళలా ఉండే మందు అది. రక్తం పడిన చోట చల్లితే నీలంగా వెలుగుతుంది. తుడిచినా, సబ్బుతో కడిగినా వెలుగుతుంది. కాకపోతే కటిక చీకటి కావాలి, ఆ వెలుగు అరనిమిషం కంటే నిలవదు. అందుకని అర్రకి ఉన్న ఒక్క కిటికీని సార్ ముందే చెక్కతో మూయించి పెట్టారు. ముందు గదిని దాటి అర్రలోకి వెళ్ళి, టేకు తలుపు దగ్గరికేసి, కింద సందులో నల్లగుడ్డ కుక్కాం. టార్చి ఆర్పాం.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. బయట ఎండ. లోపల మాత్రం నా చెయ్యి నాకే కనపడలేదు.

కళ్ళు చీకటికి అలవాటు పడాలని పావుగంట అలాగే నిలబడ్డాం. పాత ఇంటి వాసన. తడిసి ఎండిన గోనెసంచుల వాసన, ఎలకల వాసన, మాస్కులో నా ఊపిరి వాసన. ఒంటి మీద సూటు కాగితంలా చప్పుడు చేస్తుంది, కాలు కదిపితే చాలు కరకరమని. సాయి ఎక్కడుందో ఆ చప్పుడుతోనే తెలుస్తోంది.

నేల మీద చల్లాను. నీలంగా ఒక మరక లేచింది. సార్ వేసిందే. సాయి ఫొటో తీసింది. గోడ మీద చల్లాను, చుక్కలు. అవీ సార్ వేసినవే. అన్నీ అనుకున్నట్టే దొరుకుతుంటే ఇద్దరికీ హుషారొచ్చింది.

"తలుపు మీద కూడా కొట్టు అక్కా. సార్ పాపాత్ముడు, గొళ్ళెం మీద కూడా దాస్తడు," అంది.

తలుపు మీద చల్లాను.

చేతులు.

అరచేతులు, వేళ్ళతో సహా. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి... తలుపు కింది సగమంతా చేతులే. పెద్దవి కావు. పదేళ్ళు, పన్నెండేళ్ళ పిల్ల చేతులంత. గొళ్ళెం ఎత్తుకు ఒక్కటీ చేరలేదు. తెరిచి ఉన్న అరచేత్తో చెక్కని బాదితే ఎలా పడతాయో అలా పడ్డాయి. లోపలి వైపు నుంచి.

అరనిమిషంలో ఆరిపోయాయి.

"సార్ మస్తు తయారు చేసిండు," అంది సాయి. గొంతులో నవ్వుంది గానీ, ఆ నవ్వు సగంలో ఆగింది.

"సాయీ, సార్ చెప్పిన లిస్టులో తలుపు లేదు," అన్నాను.

అప్పుడే తలుపవతల గొళ్ళెం పడిన చప్పుడు. తాళం తిరిగింది.

"కిష్టన్నా," అని సాయి అరిచింది. నేనూ అరిచాను. ఇద్దరం తలుపు బాదాం. అవతల చెప్పుల చప్పుడు ముందు గది దాటింది. ఆగలేదు, తొందరపడలేదు. పని ముగించుకుని ఇంటికెళ్ళే మనిషి నడక. తర్వాత ముందు గది తలుపు కూడా పడింది. సాయి కెమెరా తెర మీద సమయం చూసింది. నాలుగూ ముప్పై మూడు.

టార్చి వేశాం. వెలగలేదు. పొద్దున ఛార్జింగు పెట్టిన టార్చి. కెమెరా అప్పటిదాకా వెలిగి, అప్పుడే నల్లబడింది.

ఏడవలేదమ్మా. అప్పటికింకా అది మామూలు కష్టమే. ఎవరో మర్చిపోయి తాళం వేశారు, కాసేపట్లో వస్తారు. నాకున్న దిగులు ఒకటే. బస్సు పోతుంది, ఐదున్నర దాటుతుంది, పింకీ తినకుండా కూర్చుంటుంది. తలుపుకి ఆనుకుని ఇద్దరం నేల మీద కూలబడ్డాం. కిటికీ చెక్కని గుద్దాం, కదల్లేదు. అరిచాం, గొంతులు బొంగురుపోయాయి. కాలేజీ బస్సులు ఒక్కొక్కటే వెళ్ళిపోవడం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

కరకర.

"కదలకు సాయీ," అన్నాను.

"నేను కదుల్తలేను అక్కా. నువ్వే అనుకున్న."

మళ్ళీ... కరకర. గదికి అవతలి మూల నుంచి.

"సూటు విప్పేద్దాం," అన్నాను మెల్లగా. ఇద్దరం గ్లౌజులతో సహా విప్పేసి, ఉండలు చుట్టి, వాటి మీదే కూర్చున్నాం. ఇక చప్పుడు రావడానికి ఏమీ లేదు.

కరకర. కరకర. రెండడుగులు ఇటువైపు.

సాయి నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగిన గుర్తు వారం రోజులు ఉంది. నేను స్వామిని తలుచుకుంటూనే ఉన్నాను.

అప్పుడు సాయి నా చెవిలో అంది. "అక్కా... నా జేబుల ఫోనుంది."

లోపలికి ఫోను తీసుకెళ్ళకూడదు. తీసుకొచ్చింది. మామూలు రోజైతే తిట్టేదాన్ని. నాలుగు శాతం ఛార్జింగు. సిగ్నలు ఒక్క గీత, అదీ తలుపు పక్క మూలలో, చెయ్యి పైకెత్తితేనే. వినోద్ కుమార్ సార్‌కి చేశాం, స్విచాఫ్. మూడు శాతం. సమయం ఐదూ యాభై. అంతసేపయిందని మాకు తెలియలేదు.

ఇంటికి చేశాను. అత్తయ్య ఎత్తారు.

"అత్తయ్యా, నేను, హైమని. కాలేజీలో ఇరుక్కుపోయాను. పింకీ తిందా?"

అటు టీవీ వినిపిస్తోంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

"నేనే అత్తయ్యా. ఫోను మా స్నేహితురాలిది."

"చూడమ్మా, గొంతు మార్చి ఫోన్లు చేసి మనుషుల్ని మోసం చేస్తున్నారని మా కోడలు చెప్పింది. అచ్చం దాని గొంతే పెట్టావు, మెచ్చుకోవాలి. మా కోడలు ఇంట్లోనే ఉంది. ఐదున్నరకే వచ్చింది. పిల్లకి జడ వేస్తోంది."



ఫోన్లో ఆవిడ వెనక నుంచి ఒక గొంతు. దూరంగా, తాపీగా. "ఎవరత్తయ్యా?"

నా గొంతు.

"ఎవరోలేవే. రాంగు నంబరు."

ఫోను ఆరిపోయింది.

అంతవరకూ నేను బయటికెళ్ళాలనుకున్నది నాకోసం. ఆ క్షణం నుంచి నాకోసం కాదు. నా బిడ్డ జడ ఎవరో వేస్తున్నారు. నా కంచంలో ఎవరో అన్నం కలుపుతారు. పింకీ నోరు తెరుస్తుంది... ఎనిమిదింటికి దాని పక్కన ఎవరో పడుకుంటారు. తలుపుని భుజంతో గుద్దాను. తలతో గుద్దాను. అరచేతులతో బాదాను. బాదుతూ బాదుతూ ఆగిపోయాను. సరిగ్గా ఆ గుర్తులు పడిన చోటే నా చేతులూ పడుతున్నాయి.

"అక్కా," అంది సాయి. ఏడుపు మింగి, చాలా నెమ్మదిగా. "మనం పోయినమని రాసినం గదా. నాలుగున్నరకు పోయినమని."

"అయితే?"

"పోయినం. ఎవరో పోయిన్రు."

వెనక నుంచి కరకర ఆగిపోయింది. వింటున్నట్టుగా.

ఎంతసేపో తెలియదు. బయట ముందు గది తలుపు కిర్రుమంది. చెప్పుల్లేని అడుగులు. ఒక ముసలి గొంతు.

"లోపల ఎవరన్న ఉన్నరా?"

అనంతమ్మ. కాలేజీలో ఊడ్చే ఆమె, కిష్టా తల్లి. నోరు తెరిచి ఉన్నామని చెప్పబోయాను. నాకంటే ముందు, నా భుజం పక్కనే, చిన్నపిల్ల గొంతు పలికింది.

"ఎవ్వరు లేరు. పోయిన్రు."

ఇద్దరం తలుపుకి అతుక్కుపోయాం. 

అవతల అనంతమ్మ కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. తర్వాత అంది. "లేనోళ్ళు ఎట్ల పలుకుతరు బిడ్డా? పేర్లు చెప్పున్రి."

"హైమవతి," అన్నాను. రెండో పేరు సాయి చెప్పింది. మూడో పేరు ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఆమె చెప్పగా తెలిసింది. కిష్టా ఇంటికెళ్ళి, సీన్ హౌస్‌కి తాళం వేశానని అన్నాడట. "పిలిచినవారా?" అని ఈమె అడిగిందట. "పిలుసుడేంది అవ్వా, తెల్ల బట్టలతోని ఇద్దరు నా ముందటికెల్లి పోయి బస్సెక్కిన్రు. పుస్తకంల గూడ రాసున్నది," అన్నాడట. పోతుంటే చూశామన్న మాట ఆ ఇంటి విషయంలో ఆమె ఇదివరకు కూడా విన్నది. యాభై ఏళ్ళ కింద, అది పటేలు ఇల్లుగా ఉన్నప్పుడు, ఆమె ఈడు పిల్ల ముత్యాలు అని అక్కడ పనికుండేది. ఒకనాడు గింజలు పోసి అర్రకి తాళం వేసుకుని ఊరంతా జాతరకి పోయారు. ముత్యాలు ఏదంటే, ఇంటికి పోయిందన్నారు. పోతుంటే చూశామని నలుగురు చెప్పారు. అనంతమ్మ కూడా చూసింది, ఆమె మాటే చెప్తున్నాను, "నేను గూడ చూసిన బిడ్డా, లంగ ఓణీ, ఎండల నడుసుకుంట పోయింది." ఆరో రోజు అర్ర తెరిచారు. అప్పటి నుంచి ఆమె మేకల కొట్టానికి తడిక వేసినా లోపలికి పిలిచి, కాసేపు ఆగి, అప్పుడు వేస్తుంది.

ఇవన్నీ తర్వాతి మాటలు. అప్పుడు మాత్రం ఆమె కిష్టాని కేకేసింది. తాళంచెవి వచ్చింది. తాళం తీశారు. గొళ్ళెం తీశారు.

తలుపు రాలేదు.

కిష్టా తన్నాడు. గడ్డపార పెట్టాడు. గోడలోంచి పుట్టినట్టు ఉంది తలుపు. అవతల వాళ్ళిద్దరి మాటలూ వినిపిస్తున్నాయి, ఇవతల నా చెంపకి ఎవరిదో ఊపిరి తగులుతోంది. వేడిగా లేదు.

నాకు వినోద్ కుమార్ సార్ గుర్తొచ్చారు. పుస్తకంలో ఏమున్నదో అదే జరిగినట్టు. పుస్తకం ప్రకారం మేం లోపల లేం. లేనివాళ్ళకి తలుపెందుకు తెరుచుకోవాలి?

"కిష్టన్నా, అరుగు మీద రిజిస్టరు. కింద సందులోంచి తోయి," అన్నాను.

"ఇప్పుడు పుస్తకమెందుకు అక్కా?"

"తొయ్యమంటుంటే."

నల్లగుడ్డ పీకేశాం. పుస్తకం సగం వచ్చి ఇరుక్కుంది. సాయి గుంజింది, వచ్చింది. దానికి దారంతో కట్టిన పెన్ను కూడా వచ్చింది. కానీ చీకటి. అవతల కిష్టా ఫోను వెలిగించినా సందులోంచి గడప మేరకే పడుతోంది. మా వరస కనపడాలి, గీత ఆ గడి మీదే పడాలి. తప్పు గడిలో పడితే ఇంకెవరి రాతో కొట్టేసినట్టవుతుంది.

లూమినాల్ సీసా నా కాలికి తగిలింది.

తలుపు మీద చల్లాను. చేతులన్నీ మళ్ళీ లేచాయి. ఈసారి గొళ్ళెం దాకా ఉన్నాయి. నావి కూడా వాటిలో ఉన్నాయి, నా చేతికి రక్తం లేకపోయినా. ఆ చేతుల నీలి వెలుగులోకి పుస్తకం ఎత్తి పట్టుకున్నాం. హైమవతి. సాయిశ్రీ. బయటికి వచ్చిన సమయం, నాలుగూ ముప్పై.

నాలుగూ ముప్పై మీద ఒక్క గీత కొట్టాను. పక్కన రాశాను. *తప్పు రాశాను. ఇంకా లోపలే ఉన్నాను.* సంతకం పెట్టాను.  పెన్ను సాయికిచ్చాను. వెలుగు తగ్గిపోతోంది. మళ్ళీ చల్లాను, సీసా అడుక్కొచ్చింది. సాయి రాసింది. ఆమె సంతకం పెడుతుండగా, పుస్తకం అంచున, మా ఇద్దరి చేతులూ కానిచోట, మూడు చిన్న వేళ్ళు ఆనించి ఉన్నాయి. చదువుతున్నట్టు.

వెలుగు ఆరిపోయింది.

తలుపు దానంతటదే, ఎవరూ తోయకుండా, తెరుచుకుంది.

 అరుగు మీదికొచ్చి, ఆకాశం కింద నిలబడి, మొట్టమొదటిసారి సరిగ్గా రాశాను. బయటికి వచ్చిన సమయం, ఏడూ పన్నెండు. అనంతమ్మ ఇద్దరి తలలూ నిమిరి, మళ్ళీ గడప దగ్గరికి వెళ్ళి లోపలికి పిలిచింది. "ముత్యాలూ, నువ్వు గూడ రా బిడ్డా." చాలాసేపు నిలబడింది. లోపల్నించి ఏ చప్పుడూ రాలేదు. తలుపు వెయ్యకుండానే వచ్చేసింది.

కిష్టా బండి మీద కూర్చుంటే, హయత్‌నగర్ దాకా దారంతా అతను ఒకటే మాట. "నేను నా కండ్లతోని చూసిన అక్కా. నువ్వు నా దిక్కు చూసి తలకాయ గూడ ఊపినవ్." నేను వింటున్నానో లేదో నాకే తెలియదు. స్వామీ, పింకీ నోట్లోకి ఒక్క ముద్ద కూడా పోకూడదు. అదొక్కటే మనసులో తిరుగుతోంది.

మా గేటు తీసి ఉంది. అత్తయ్య మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"ఇంతసేపా పాల ప్యాకెట్‌కి?" అన్నారు. "ఏడుంపావుకి ఒక్క నిమిషంలో వస్తానని లేచావు. అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. పిల్ల ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయింది. పాలేవే?"

కంచంలో ముద్దలు చేసి ఉన్నాయి, చిన్న చిన్నవి, ఏడు. ఒక్కటీ తగ్గలేదు. ఆ అన్నం తీసుకెళ్ళి గోతిలో పెట్టి మన్ను కప్పాను. పింకీని లేపి, స్నానం చేయించి, నా చేత్తో పెట్టాను. జడ విప్పబోతే ముడి రాలేదు. గోనెసంచులు కుట్టే పురికొసతో కట్టి ఉంది, కత్తిరించాల్సి వచ్చింది. సాయిశ్రీకి హాస్టల్లో గదిలో పిల్లలు చెప్పారట, ఆమె వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గోడకి ముఖం పెట్టి కూర్చుని, ఏడు దాటాక లేచి వెళ్ళిందని. సాయి ఇప్పుడు బాగానే ఉంది. తలుపు వేసుకుని మాత్రం పడుకోదు.

ఇక్కడితో ఐపోయుంటే నేనివాళ మీకు చెప్పకపోదును.

శుక్రవారం పొద్దున పింకీని బడికి తయారుచేస్తూ డైరీ తీశాను. ఎల్కేజీ డైరీ, రోజుకొక వరస, చివర తల్లి సంతకం. గురువారం గడిలో సంతకం ఉంది. నేను పెట్టలేదు. పేజీ తిప్పాను. శుక్రవారం గడిలో ఉంది. సోమవారం, మంగళవారం... ఇంకా రాని రోజులన్నిటికీ, సెలవు రోజులు వదిలేసి, వరసగా సంతకాలు. డిసెంబరు నిండా, జనవరి నిండా.

దొంగసంతకం పట్టుకోవడం మా పాఠంలో భాగం. డైరీ తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. వేరొకరు దిద్దితే గీతలో వణుకుంటుంది, పెన్ను ఆగి లేచిన చోట్లుంటాయి. ఇందులో లేవు. వినోద్ కుమార్ సార్‌కి చూపించాను, ఎందుకని చెప్పలేదు. ఆయన గంటసేపు చూసి, "ఇందుల పరీక్ష చేసేదేమున్నది హైమవతీ, ఇవన్ని నువ్వు పెట్టినవే," అన్నారు.

రోజూ సాయంత్రం, పింకీ పక్కన కూర్చుని, ఆ రోజు సంతకం మీద ఒక్క గీత కొట్టి, పక్కన మళ్ళీ పెడుతున్నాను. రాసినవాళ్ళే దిద్దాలి కదా. ఆ రాసింది నేనో కాదో నాకు తెలియదు, అందుకే రోజూ భయం. సంతకాలు ఫిబ్రవరి పంతొమ్మిదో తేదీ దాకా ఉన్నాయి. ఆ తర్వాత గడులు ఖాళీ. బడి ఏప్రిల్ దాకా ఉంది. అక్కడెందుకు ఆగిందో నాకు తెలియదు.

ఇవాళ ఫిబ్రవరి ఏడో తేదీ.

అందుకే దగ్గరికి పిలిచాను మిమ్మల్ని. అనంతమ్మ చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకి చెప్పండి. మీరు ఏ తలుపు వేసినా, పోయారని ఎంతమంది చెప్పినా, మీ కళ్ళతో మీరే చూసినా సరే, వేసేముందు ఒక్కసారి లోపలికి పేరు పెట్టి పిలవండి. పిలిచి, ఆగండి. పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఎవరైనా మా వీధి మీదుగా వెళ్తే, మా గేటు దగ్గర నిలబడి నన్ను కూడా పిలవండి. నేను గుమ్మంలోకి వచ్చి నవ్వుతూ పలికినా సరే, వెంటనే వెళ్ళిపోకండమ్మా. ఇంకొక్కసారి, నన్ను దాటి ఇంటి లోపలికి నా పేరు పెట్టి పిలవండి.